చిరిగిన జేబుల బడి

ఊళ్ళో ఆవిడని అందరూ కొలతలమ్మ అంటారు. కుట్టు మిషను ముందు కూర్చుని, గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసి, భుజం ఎంతో నడుము ఎంతో టేపు తీయకుండానే చెప్పేస్తుంది. తర్వాత టేపు పెట్టి చూసుకున్నా అర అంగుళం తేడా రాదు. ఆ గర్వం ఆవిడకి కాస్త ఎక్కువే. బట్ట చూస్తే మనిషి సంగతంతా తెలిసిపోతుందని ఆవిడ నమ్మకం. మోకాలు చిరిగితే ఎక్కడో పడ్డట్టు, మోచెయ్యి అరిగితే బల్ల మీద వాలి కునుకు తీసినట్టు, చంక దగ్గర కుట్టు విడిపోతే చెట్టెక్కినట్టు. మాసిక వేయమని వచ్చిన బట్టలు చూసి ఎవరింట్లో ఏం జరుగుతోందో చెప్పగలదు. తనంతట తాను చెప్పదు పాపం, ఎవరైనా అడిగేదాకా ఆగుతుంది.

అంతటి మనిషికీ సొంత కూతురి చొక్కా చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోయేది.

పిల్ల పట్నం బడిలో ఐదో తరగతి. పెద్ద గేటు, పెద్ద బస్సు, తరగతికి అరవై మంది. పిల్లేమో నోట్లో నాలుక లేనిది. ఇంట్లోనే దాని మాట వినాలంటే మిషను ఆపాలి. మార్కులకి లోటు లేదు గానీ, రోజూ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కాలరు మూలలు రెండూ నమిలి నమిలి తడిసి ముద్దయ్యి ఉండేవి. రెండేళ్ళలో తల్లి పదకొండు కాలర్లు మార్చింది. చివరికి విసిగి, మిగిలిన తెల్లగుడ్డలోంచి ఆరు కాలర్లు ముందుగానే కత్తిరించి సొరుగులో పడేసుకుంది. పిల్ల భయం పోగొట్టడం చేతకాక కాలర్లు కత్తిరించుకుంటూ కూర్చున్నానని, ఆ సొరుగు లాగినప్పుడల్లా తన మీద తనకే ఒళ్ళు మండేది. ఒకసారి తల్లిదండ్రుల్ని పిలిచిన రోజున, ఏడాదంతా పాఠం చెప్పిన టీచరు పక్కనే నిలబడ్డ పిల్లని గుర్తుపట్టక, "మీ అమ్మాయిని తీసుకురాలేదా?" అని అడిగింది. ఆ రోజే ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చేసింది.

ఊరి చివర ఆరు నుంచి ఎనిమిది దాకా సర్కారు బడి ఒకటుంది. మొత్తం పిల్లలు ఇరవయ్యారు మంది. ఆ మాట ఎత్తగానే పాల వ్యాను నడిపే మొగుడు ఒంటికాలి మీద లేచాడు.

"ఇరవయ్యారు మందైతే అదీ ఒక బడేనా? అందర్నీ నా వ్యానులో ఎక్కించుకుపోవచ్చు!"

"మీ వ్యానులోనైతే మన పిల్ల ఎక్కిందో లేదో మీకు తెలుస్తుంది కదండీ. పట్నం బడిలో అదీ తెలీదు."

"రేపు అది వెనకబడిపోతే?"

"చూసొస్తాను. నచ్చకపోతే మీ మాటే."

ఆయన గొణుక్కుంటూనే పాల చీటీ వెనకాల అడగాల్సిన ప్రశ్నలు తొమ్మిది రాసిచ్చాడు. పరీక్షలకి ఇంకా నెల ఉండగా, ఒక శనివారం ఒక చేత్తో ఆ చీటీని, ఇంకో చేత్తో కూతుర్ని పట్టుకుని ఆవిడ బయల్దేరింది.

అది ఒకప్పటి ధాన్యం గిడ్డంగి. మందపాటి గోడలు, ఎత్తున చిన్న చిన్న కిటికీలు, గోడ పొడుగునా ఇనుప తలుపుల అరలు. పెద్ద టీచరుకి మోచేతుల దాకా సుద్దపొడి. కొలతలమ్మ చీటీ తీసి, మొగుడి తరఫున మొదలుపెట్టింది.

"టీచర్లు ఎంతమందండీ?"

"తరగతులు మూడు, మేం ఇద్దరం. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు నావి. మిగతావన్నీ ఇంకో మాస్టారివి. తక్కువేనమ్మా, కాదనను."

"కంప్యూటర్లు?"

"రెండు. ఒకటి పనిచేస్తుంది. రెండోదాన్ని ఎనిమిదోవాళ్ళు విప్పేశారు."

"పాడుచేశారా?"

"పాడయ్యాకే ఇచ్చాను. లోపల ఏముందో చూసి చెప్పమన్నాను."

తొమ్మిది ప్రశ్నలకీ జవాబులు ఇలాగే వచ్చాయి. సగానికి సగం మొగుడికి నచ్చేవి కావు, కానీ ఒక్కటీ దాచినట్టు లేదు. చీటీ అయ్యాక ఆవిడ తన సొంత తనిఖీ మొదలెట్టింది. మరుగుదొడ్డి తలుపుకి లోపల గడియ పడుతోందా అని వేసి చూసింది, పడింది. నోటుబుక్కులు తిరగేస్తే పేజీపేజీకీ ఎర్ర సిరా ఉంది. ఒకే గదిలో ఆరూ ఏడూ కలిపి కూర్చున్నాయి. ఏడోవాళ్ళు ఆరోవాళ్ళకి భిన్నాలు చెబుతున్నారు, తప్పు చెబితే ఆరోవాళ్ళు ఊరుకోవడం లేదు. కాలర్లు చూసింది. మాసినవి ఉన్నాయి, నమిలినవి లేవు. ఆవిడ మనసు కుదుటపడింది.

అప్పుడు విరామం గంట కొట్టారు. పిల్లలంతా ఆవిడ ముందునుంచే పరిగెత్తుకెళ్ళారు, ఆవిడ కళ్ళు వాళ్ళ పక్క జేబుల మీద పడ్డాయి. ఒకరికి కాదు ఇద్దరికి కాదు, అందరికీ జేబు పై మూల చిరిగి ఉంది. కొన్నిటికి మాసిక, కొన్నిటికి మాసిక మీద మాసిక. బరువు వేస్తే జేబు అడుగు చిరుగుతుంది. పై మూల చిరిగిందంటే పట్టి లాగినట్టే. ఇరవై ఏళ్ళ అనుభవం ఆవిడది, ఇందులో అనుమానమే లేదు. ఎవరో ఈ పిల్లల్ని జేబులు పట్టుకుని ఈడుస్తున్నారు.

ఆవిడకి కోపం వస్తే మర్యాద గుర్తుండదు. సరాసరి టీచరు ముందుకెళ్ళి నిలబడింది.

"ఇందాకట్నుంచీ ఎంత బాగా మాట్లాడారండీ! ఈ పిల్లల్ని జేబులు పట్టి లాగుతున్నదెవరు? మీరా, ఆ రెండో ఆయనా?"

టీచరు తెల్లబోయింది. తర్వాత పడీ పడీ నవ్వింది. నవ్వు ఆపుకోలేకపోతూనే ఒక ఆడపిల్లని కేకేసింది. "ఏమ్మా, నీ అర ఒకసారి తియ్యి!"

ఆ పిల్ల జేబులోంచి పురికొస పట్టి ఒక్క లాగు లాగింది. బెత్తెడు పొడుగున్న ఇనుప తాళంచెవి బయటికొచ్చింది. కొస రెండో చివర జేబు మూలకి పిన్నీసుతో బిగించి ఉంది. పిల్ల గోడ దగ్గరికెళ్ళి అర తెరిచింది. లోపల వరసగా పుస్తకాలు.

"గిడ్డంగి నాటి తాళాలమ్మా, అరకి ఒకటి," అంది టీచరు. "ముందు గుత్తి నా దగ్గరే ఉండేది. ఓసారి జ్వరం వచ్చి మూడు రోజులు రాలేదు. పుస్తకాలు, పటాలు, సుద్దముక్కలు అన్నీ లోపల, గుత్తి మా ఇంట్లో. తిరిగొచ్చాక గుత్తి విప్పి తలా ఒకటి ఇచ్చేశాను. ఎవరి అర వాళ్ళే తెరవాలి, వాళ్ళే సర్దాలి. ఆ బిడ్డ రాకపోతే ఆ అర తెరుచుకోదు. అందుకని ఎవరూ మానరు." గొంతు తగ్గించి, "జత తాళంచెవులు మా దగ్గరున్నాయి లెండి. వాళ్ళకి చెప్పకండి," అంది.

కొలతలమ్మ నాలిక కరుచుకుంది. లాగడం నిజమే. లాగింది ఎవరన్నదే తప్పు. ఇరవై ఏళ్ళ అనుభవం ఆ మాత్రానికి పనికిరాకపోవడం ఆవిడకి కాస్త చిన్నతనంగానే ఉన్నా, నవ్వు కూడా వచ్చింది.

"ఇరవయ్యారు మందికి ఇరవయ్యేడు తాళంచెవులు," అంటూ టీచరు తన సంచీలోంచి ఒకటి తీసింది. "ఇది బంతుల పెట్టెది. దీనికి ఎవరూ లేక నేనే మోస్తున్నాను."

తల్లి వెనక దాక్కుని కాలరు నములుతున్న పిల్ల నోట్లోంచి కాలరు జారిపోయింది.

"బరువా?" అంది.

కొత్త మనిషితో ఆ పిల్ల తనంతట తాను మాట్లాడగా తల్లి వినడం అదే మొదటిసారి. ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టీచరు మాత్రం అదేం పెద్ద విషయం కానట్టు, "పట్టుకు చూడు," అని తాళంచెవి చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి సంగతంతా చెబితే మొగుడు పెదవి విరిచాడు. "తాళాలు మోయడానికా బడికి పంపేది? సరే, ఒక్క నెల చూద్దాం. తేడా వస్తే మళ్ళీ పట్నమే."

సెలవులయ్యాక పిల్ల ఆరో తరగతిలో చేరింది, బంతుల పెట్టె తాళంచెవి దాని జేబులోకి వచ్చింది. నెల గడువు రేపటితో సరి అనగా పిల్లకి జలుబు చేసింది. పొద్దున్నే పాలు పోసొచ్చిన మొగుడు గుమ్మంలో టీ తాగుతున్నాడు. ఇవాళ పడుకోమని పిల్లకి దుప్పటి కప్పి, తల్లి మిషను ముందు కూర్చుంది. తొమ్మిదిన్నరకి నలుగురు పిల్లలు రొప్పుకుంటూ వచ్చారు.

"అత్తా, బంతుల పెట్టె తాళంచెవి ఇస్తారా? ఇవాళ ఆట ఉంది."

జతది బడిలోనే ఉందని ఆవిడకి తెలుసు. టీచరు పనిగట్టుకుని మరీ వీళ్ళని ఇక్కడిదాకా తరిమిందని కూడా అర్థమైంది. ఇంతలో లోపలి గదిలోంచి ఇల్లెగిరిపోయేలా ఒక కేక వినబడింది.

"ఎవరికీ ఇవ్వకమ్మా! అది నాది! నేనే వస్తున్నా, ఉండండర్రా!"

మొగుడి చేతిలో టీ ఒలికింది. "ఎవరే ఆ అరిచింది?"

"మీ కూతురేనండీ."

పిల్ల సగం దువ్విన జడతో, ముక్కు తుడుచుకుంటూ బయటపడింది. తాళంచెవి ఉందో లేదో చూసుకోవడానికి పురికొస పట్టి ఒక్క లాగు లాగింది. జేబు మూల చర్రున చిరిగింది. అది పట్టించుకునే తీరికెక్కడిది, నలుగురి మధ్యా వాదించుకుంటూ వీధి మలుపు తిరిగిపోయింది. రేపటి గడువు ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

బట్ట చిరిగిన చప్పుడు వింటే కొలతలమ్మకి ప్రాణం ఉసూరుమంటుంది. ఇవాళ మాత్రం ఆ చప్పుడు మళ్ళీ ఒకసారి వినాలనిపించింది. సొరుగు లాగి ఆరు తెల్ల కాలర్లూ బయటికి తీసింది. నెల రోజులుగా ఒక్కటీ వాడలేదు. కాసేపు వాటిని చేత్తో నిమిరి, తర్వాత కత్తెర తీసుకుని, జేబు మూలలకి లోపలివైపు వేసే మాసికలుగా కత్తిరించింది. లెక్కపెట్టి మరీ ఇరవయ్యేడు.