ఆవిరికొట్టంలో పన్నెండు సంచులు

వెనేరా ఒగాయ్ ముగ్గురు మగాళ్ళ చేతి దెబ్బలు తిన్నది. తండ్రివి, మొగుడివి, కొడుకువి. మొదటి ఇద్దరి దగ్గరా కిక్కురుమనలేదు. మూడోవాడి దగ్గరికి వచ్చేసరికి ఆమెకు అరవై మూడేళ్ళు.

పుట్టిందీ పెరిగిందీ కజక్ దేశంలో, ఉష్తొబె అనే ఊళ్ళోనే. తండ్రి వరిమళ్ళనుంచి ఇంటికి రాగానే నడుముకున్న తోలుబెల్టు విప్పేవాడు. మొగుడు గెరాసిమ్ పుచ్చతోటలో, పదిమంది చూస్తుండగా పార కామతో కొట్టి ముందుపళ్ళు రెండు రాలగొట్టాడు. అత్తగారు అక్కడే ఉంది. "నోట్లో మట్టి పోయింది, లేచి పుక్కిలించు" అన్నదే గాని కొడుకు చెయ్యి పట్టుకోలేదు. కొన్నేళ్ళకి గెరాసిమ్ ట్రాక్టరు బోల్తాపడి పోయాడు. వెనేరా ఉక్కుపళ్ళు కట్టించుకుని, బజార్లో, తాతలకాలంలో ఇక్కడికి తరిమేసిన మన కొరియావాళ్ళ వరసలో ఇరవయ్యారేళ్ళు సలాడ్లు అమ్మింది. క్యారెట్టు, క్యాబేజీ, వంకాయ.

కొడుకు రాదిక్ రైల్వేయార్డులో ఉల్లిబస్తాలు మోసేవాడు. పెళ్ళాం రౌషన్ కజక్ పిల్ల. పుట్టగొడుగులు పెంచే సంచి ఇంటికి తెచ్చింది ఆ పిల్లే. పక్క ఊళ్ళో ఒక కొట్లో దొరికిందట. మూరన్నర పొడవు ప్లాస్టిక్ సంచి, నిండా దట్టించిన గడ్డి, గడ్డినిండా బూజులా అల్లుకున్న తెల్లటి దారాలు.

"ఇంకేం చెయ్యక్కర్లేదట అత్తయ్యా. ఇక్కడ ఓ గాటు పెట్టి, పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరిస్తే చాలట."

"మీ అమ్మ చూస్తే ఏమంటుందే?"

"ఏమంటుంది, అనేసింది కూడా. మా ఇంట్లో గుర్రాలు కూడా ముట్టని తిండి అంది."

పెరట్లో ఆవిరిస్నానాల కొట్టం ఉంది. దాని ముందుగదిలో మేకుకి తగిలించారు. తొమ్మిదోరోజుకి గాటులోంచి బూడిదరంగు చెవుల్లాంటివి గుత్తిగా పొడుచుకొచ్చాయి. వెనేరా వాటిని ఉడికించి, నీళ్ళు పిండేసి, వెల్లుల్లి, ధనియాలపొడి, ఎర్రకారం వేసి, పైన సలసల కాగిన నూనె పోసింది. మధ్యాహ్నానికల్లా గిన్నె ఖాళీ. ఆ చలికాలం ముగిసేలోగా మేకులు పన్నెండయ్యాయి, సంచులూ పన్నెండయ్యాయి. రౌషన్ పొద్దున లేస్తూనే కొట్టంలోకి పరిగెత్తేది. వాటితో మాట్లాడేది కూడా.

రాదిక్‌కి అది కంట్లో నలుసయింది. "ఈ ఇంట్లో నాకన్నా బూజుసంచులకే మర్యాద ఎక్కువ" అనేవాడు మొదట్లో నవ్వుతూనే. తర్వాత నవ్వడం మానేశాడు. "అంతసేపు కొట్టంలో ఎవడితో ఉంటున్నావే" అన్నాడు. ఒకరోజు ఆమె మణికట్టు పట్టుకుని పక్కగదిలో చలికి రాజేసిన, ఎర్రగా కాలుతున్న పొయ్యికి అదిమాడు. చర్మం కమిలిన వాసన వంటింట్లోకి వచ్చింది. గోడ ఇవతల వెనేరా క్యారెట్లు తరుగుతోంది. ఆమె కత్తి ఆగలేదు. ఎందుకు ఆగలేదో తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా ఆమెకే తెలియలేదు. తన అత్తగారు గుర్తొచ్చిందని మాత్రం చెప్పేది.

మార్చిలో, పట్టపగలు, రాదిక్ తప్పతాగి ఇంటికొచ్చాడు. ఉల్లిబస్తాలు కోసే కత్తి తీసుకుని తిన్నగా కొట్టంలోకి పోయాడు. ఒక్కో సంచినీ పొట్ట చీల్చినట్టు పైనుంచి కిందికి చీల్చాడు. గుత్తుల్ని బూటుకాలితో నలిపాడు. రౌషన్ వెళ్ళి చెయ్యి పట్టుకుంది. అతను ఆమె జుట్టు చేతికి చుట్టుకుని పెరట్లోకి ఈడ్చి, మంచుగడ్డ మీద వెల్లకిలా పడేసి, రొమ్ముల మీద మోకాలు పెట్టి మొహం మీద గుద్దడం మొదలుపెట్టాడు. ఒక గుద్దు. ఇంకొకటి. ఆమె అరవడం మానేసింది.

వెనేరా గుమ్మంలోకి వచ్చింది. "వదలరా దాన్ని" అంది.

"నీకెందుకే ముసలీ" అంటూ మోచేత్తో ఒక్కటిచ్చాడు. ఉక్కుపళ్ళు ఊడి మంచులో పడ్డాయి. ఆమె వాటిని వెతుక్కోలేదు. లోపలికి వెళ్ళింది. సలాడు మీద పోయడానికి పెట్టిన నూనె పొగలు కక్కుతోంది. మూకుడు పట్టుకొచ్చి, మళ్ళీ పైకి లేచిన అతని కుడిచేతి మీద ఒంపింది.

రాదిక్ పెట్టిన కేక వీధి చివరిదాకా వినబడింది. భుజంనుంచి వేళ్ళదాకా చర్మం బుడగలుబుడగలుగా లేచి, చొక్కాతోపాటు ఊడొచ్చింది. మంచులో పడి గిలగిల కొట్టుకున్నాడు. ముక్కులోంచి నెత్తురు కారుతూనే రౌషన్ పాక్కుంటూ వెళ్ళి గుప్పిళ్ళతో మంచు తీసి ఆ చేతికి అద్దింది.

"చంపేశారు అత్తయ్యా, మీ కొడుకుని మీరే చంపేశారు" అంది.

పోలీసాయన వచ్చి కాగితం తీశాడు. "చెయ్యిజారి తొణికిందా పెద్దమ్మా?"

"లేదు. నేనే పోశాను."

"తొణికిందని రాసుకోనా?"

"పోశానని రాసుకో. నీకు చెవుడా?"

ఆసుపత్రిలో రాదిక్ మాత్రం తొణికిందనే చెప్పాడు. తల్లిని కాపాడటానికో, ముసలిదాని చేతిలో ఓడిపోయానని చెప్పుకోలేకో. కేసు అక్కడితో ఆగిపోయింది. రౌషన్ నలభై రోజులు మొగుడి మంచం దగ్గరే ఉంది. అత్తతో ఒక్క మాట మాట్లాడలేదు.

వెనేరా ఒంటరిగా కొట్టం శుభ్రం చేసింది. పారెయ్యాలని మూలకి నెట్టిన సంచులు వారానికల్లా కత్తి దిగిన చోటల్లా మొలిచాయి. చూడగానే తలుపు మూసి వచ్చేసింది. మర్నాడు వెళ్ళి కోసింది, వండింది, బజారుకి తీసుకెళ్ళింది. వరసలో కొందరు ఆడవాళ్ళు ఆమె బల్ల ముందు ఆగి ఉమ్మేశారు. పక్కబల్ల ఆమె మాత్రం రోజూ ఒక పొట్లం కొని, ఆమె భుజం మీద చెయ్యివేసి వెళ్ళేది.

కట్లు విప్పారు. కుడిచేతి మూడు వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. రాదిక్ ఇంటికి రాలేదు, రౌషన్‌ని తీసుకుని అద్దెగదిలోకి మారాడు. పదిరోజుల తర్వాత ఒక ఉదయం రౌషన్ వచ్చి బల్ల ముందు నిలబడింది. పెదవి చీలి ఉంది.

"ఎడమచెయ్యి కూడా బాగానే పనిచేస్తోంది అత్తయ్యా" అంది.

వెనేరా బల్లమీద గుడ్డ కప్పేసి, ఆ పిల్లని ఇంటికి తీసుకొచ్చి గేటుకి గొలుసు వేసింది. సాయంత్రానికి రాదిక్ వచ్చాడు. గేటుని తన్నాడు. గొలుసు తెగింది. ఈసారి ఆ ఇద్దరూ అతన్ని దగ్గరికి రానివ్వలేదు. రౌషన్ చేతిలో పొయ్యి ఎగదోసే ఇనపచువ్వ ఉంది. మొదటి దెబ్బ ఆమే వేసింది, మోకాలి చిప్ప మీద. కూలబడ్డాక వెనేరా పారతో వీపు మీద బాదింది. అతను చేతులు అడ్డం పెట్టుకుని "అమ్మా" అన్నాడు. ఆమె ఆగలేదు. పొరుగువాళ్ళు గోడ దూకి వచ్చి లాగేదాకా ఆ ఇద్దరూ కొడుతూనే ఉన్నారు.

అదే పోలీసాయన వచ్చాడు. ఈసారి కాగితం తియ్యలేదు. రాదిక్‌ని బండెక్కించి, "ఈ ఊళ్ళో మళ్ళీ కనబడకు, మీ అమ్మకి భయపడే చెబుతున్నా" అన్నాడు.

రౌషన్ విడాకులు తీసుకుంది. పుట్టింటికి వెళ్ళలేదు. ఇప్పుడు కొట్టంలో ముప్ఫై సంచులున్నాయి. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. కోడలు గయ్యాళి అని కొందరు, అత్తే రాక్షసి అని కొందరు. బేరాలు మాత్రం తగ్గలేదు.

పోయిన శరదృతువులో కోర్దాయ్ నుంచి వచ్చిన ఉల్లి వ్యాపారి చెప్పాడు, రాదిక్ అక్కడ ఒకామెతో ఉంటున్నాడని. వెనేరా ఆ మనిషి ఫోను నంబరు సంపాదించింది. రెండురోజులు ఫోను చేతిలో పట్టుకుని తిరిగింది. మూడోరోజు చేసింది.

"అమ్మాయ్, నేను రాదిక్ వాళ్ళమ్మని. వాడు చెయ్యిచేసుకుంటాడు. నువ్వు జాగ్రత్తగా ఉండు."

అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడయింది.

"ఆయనకి తల్లి లేదన్నాడే," అంది ఒక ఆడగొంతు చాలా మెల్లగా, పక్కగదిలో ఎవరో ఉన్నట్టు.

"ఉంది. ఉష్తొబెలో ఉంది. నా నంబరు ఎక్కడైనా రాసిపెట్టుకో, వాడికి కనబడని చోట. ఉందా పెన్ను?"

"ఉంది," అంది ఆ అమ్మాయి. "చెప్పండి."