పుట్ట దగ్గర వదిలిన పాము

నా అసలు పని బోరు మోటార్ల వైండింగ్. జహీరాబాద్ బస్టాండు వెనక చిన్న షాపు. పొలాల్లో స్టార్టర్ డబ్బా తెరిస్తే లోపల పాము చుట్టుకుని పడుకోవడం మా పనిలో కొత్తేమీ కాదు. మొదట్లో నేనూ అందరిలాగే కర్ర కోసం వెతికేవాణ్ణి. ఒకసారి నేను కొట్టిన పాము నడుం విరిగి, చావకుండా, నేను పని ముగించేదాకా గట్టు మీద కదులుతూనే ఉంది. ఆ రోజు అన్నం సహించలేదు. తర్వాత ఒక ముసలాయన వెంటపడి పాముల్ని ప్రాణంతో పట్టడం నేర్చుకున్నాను.

పేరు త్వరగానే పాకింది. ఇంట్లో, అల్లం గోదాములో, ఫ్యాక్టరీ ఉద్యోగుల కాలనీలో ఎక్కడ పాము కనబడ్డా నాకే ఫోన్ చేసేవారు. ‘పాములన్న’ అనేవారు. ఆ పిలుపు నాకు ఎంతో ఇష్టంగా ఉండేది, దాచడమెందుకు? మోటారు బాగుచేస్తే ఎవరూ చేతులు జోడించరు.

పట్టిన పామును ఆ దగ్గర్లోనే వదలాలని, కొత్త చోట దారీతెన్నూ తెలియక తిరుగుతుందని ముసలాయన మరీమరీ చెప్పాడు. కాలనీలో ఆ మాట అని చూడండి, రెండోసారి గడప తొక్కనివ్వరు. నాగుపామైతే మరీ కష్టం. సంచి మూతి కట్టేలోపే ఆడవాళ్లు పసుపు కుంకుమ చల్లి దండం పెట్టుకునేవారు.

"తమ్మీ, ఏడబడితే ఆడ ఇడువకు. పుట్టకాడ ఇడిసిపెట్టు. నీకు పుణ్యముంటది," అని బతిమాలింది ఒక అక్క. ఆమె ఇంటి గేటు కింద ఇరుక్కున్న నాగుపామును అప్పుడే విడిపించి తీశాను.

"అట్లనే అక్కా," అన్నాను.

పుట్ట కట్టేది చెదపురుగులని నాకు తెలుసు. అయినా ఎవరి మాటా కాదనలేదు. రాయికోడ్ వైపు, చెరుకు తోటల మధ్య బీడులో ఒక పెద్ద పుట్ట ఉంది. చుట్టుపక్కల ఒక్క ఇల్లు లేదు. నాలుగేళ్లుగా నాగుపాములన్నీ అక్కడే వదులుతున్నాను. వదిలేటప్పుడు ఫోటో తీసి పంపితే ఇంటివాళ్లు తృప్తిపడేవారు, నేనూ తృప్తిపడేవాణ్ణి.

చెరుకు నరకడానికి మరాఠ్వాడా నుంచి ఆలుమగలు జంటలుగా వస్తారు. బోరు నీళ్లు అందే బీడు ఎక్కడుంటే అక్కడ చెరుకాకుతో గుడిసెలు వేసుకుంటారు. ఆ ఏడాది ఈ బీడులోనే వేసుకున్నారు. నేను చూడలేదని అబద్ధం చెప్పను. అక్క ఇంటి పామును తీసుకెళ్లిన రోజున ఆ గుడిసెల ముందు పిల్లలు ఆడుకుంటున్నారు. నేను పుట్టకు అవతలి పక్కకు నడిచి వదిలి, ఫోటో తీసుకుని వచ్చేశాను. మాటంటే మాటే అనుకున్నాను.

పది రోజుల తర్వాత, పొద్దున్నే ఆ తోట రైతు ఫోన్ చేశాడు.

"అన్నా, జర జల్ది రా. గుడిసెలల్ల నాగుపాము సొచ్చింది. ఒకామెను కరిచింది."

ఆమెను ఈపాటికి ఎవరో ఒకరు ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటారనుకుని కొక్కెం కర్ర, గుడ్డసంచి పట్టుకుని బయలుదేరాను. వెళ్లేసరికి అరగంట పట్టింది.

ఆమె అక్కడే ఉంది. పాతికేళ్లు కూడా ఉండవు. పొయ్యిలోకి చెరుకాకు లాగుతుంటే చేతి మీద కరిచిందట. భర్త భుజానికి ఆనుకుని నేల మీద కూర్చుంది. రెప్పలు వాలిపోతున్నాయి.

"ఇంకా ఈడనే ఉంచిన్రేంది? దవాఖానకు ఎందుకు తీస్కపోలే?" అని రైతు మీద అరిచాను.

అతను నా గుడ్డసంచి వైపు చూశాడు. "వాళ్లు పోతమనే అన్నరు. నేనే ఆపిన. పాములు పట్టేటోనివి గద అన్నా, మందు నీకాడ ఉంటదనుకున్న."

నా దగ్గర ఏ మందూ లేదు. నేను పాముకు సాయం చేసేవాణ్ణి, మనిషికి కాదు. ఆ తేడా ఎవరికీ ఏనాడూ విడమరిచి చెప్పలేదు. నా కోసం ఆమె ప్రాణంలోంచి అరగంట పోయింది.

ఆలుమగలిద్దరినీ రైతు జీపులో ఆసుపత్రికి పంపించాను. లోపల పాముంది, బయట పిల్లలున్నారు కాబట్టి నేను ఆగిపోయాను. పొయ్యి వెనక ఆకుల కింద దొరికింది. తోక దగ్గర పొలుసులు లేచిపోయి, మానుతున్న గాయం. గేటు ఇనుము గీరిన గాయం అది. విడిపించింది నా చేతులే కాబట్టి గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు. దాన్ని అటవీశాఖ వాళ్లకు అప్పగించి ఆసుపత్రికి పరుగెత్తాను.

ఇంజెక్షన్లు ఇచ్చారు, ఊపిరి ఆడకపోవడంతో సంగారెడ్డికి పంపారు. దారిలోనే పోయింది.

శవాన్ని వాళ్ల ఊరికి తీసుకెళ్లే బండి బీడు దగ్గర ఆగేసరికి నేనక్కడే ఉన్నాను. భర్త దిగి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, వచ్చీరాని తెలుగులో, "మీరు వచ్చిన్రు, పాము పట్టిన్రు. మా పిల్లలు బతికిన్రు," అన్నాడు. ఆ పామును తెచ్చి వదిలింది నేనేనని చెప్పాలి. చెప్పలేదు. కొడతారని భయపడ్డాను. అంతకన్నా ఎక్కువగా, పాములన్న అన్న పేరు పోతుందని భయపడ్డాను. బండి కదిలి వెళ్లిపోయింది.

మూడో రోజు గేటింటి అక్క ఫోన్ చేసింది. పుట్టలో పాలు పోసి వస్తుందట, దారి చెప్పమంది. లోపల కుక్కుకున్నదంతా ఆమె ముందు కక్కేశాను.

"అయ్యో పాపం," అంది అక్క. "పామును గిట్ల కొట్టలేదు గద తమ్మీ?"

ఒళ్లు మండిపోయి ఫోన్ పెట్టేశాను. చేతిలోని పని పక్కన పడేసి, నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఒక మనిషి చచ్చిపోతే ఈమెకు పాము గురించి బాధా అని.

తిట్టడం ఆగాక గుర్తొచ్చింది. ఆ పొద్దున బీడులో బండి స్టాండు వేస్తూ, రైతు మీద అరవడానికి ముందు, నేను అన్న మొదటి మాట కూడా అదే. "పామును కొట్టలేదు గద?" కాటు తిన్న ఆమె నాకు ఎదురుగా కూర్చుని ఉంది. తెలుగు రాని మనిషి. నేను తన గురించే అడుగుతున్నాననుకుని, పాము కరిచిన చేతిని నా వైపు చాపింది.