మంచిరోజుకని దాచిన గ్లౌజులు

నేను చదువుకున్నది కొద్దిగానే. బడిలో నాకు బాగా వచ్చినవి గుంజిళ్లు, అవి కూడా పంతులు శిక్షగా తీయించినవి. మా మనవరాలు పొద్దున్నే లేచి చందాపుర మైదానానికి పోయి వాటినే కోరి తీస్తుంది, ప్రతి బంతికీ ఒకటి. తను క్రికెట్‌లో వికెట్ల వెనకాల ఉండే కీపర్. మొదట్లో పొట్టిదని, పరుగు తక్కువని అక్కడ కూర్చోబెట్టారట. ఇప్పుడు ఆ చోటు ఇంకెవరికీ ఇవ్వదు.

రాష్ట్ర జట్టుకి ఆడపిల్లలను ఎంచే పోటీ అత్తిబెలెలో పెట్టారు. కీపర్ ఒక్కతే కావాలి. వైట్‌ఫీల్డ్ నుంచి ఇంకో పిల్ల కూడా అదే చోటుకి వస్తోంది.

"బ్యాటు పట్టేవాళ్లు శానామంది ఉండారవ్వా. ఆ దినం నీ మనవరాలి చేతులే చూస్తారు" అన్నాడు కోచ్.

పోటీకని మా అబ్బాయి తన కూతురికి కొత్త గ్లౌజులు ముందుగానే తెచ్చాడు. నేను వాటిని దేవుడి పటం ముందు పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, బీరువాలో దాచాను. మా ఇంట్లో కొత్తది ఏదైనా అంతే, మంచిరోజు వస్తేనే బయటికి వస్తుంది.

"అవ్వా, కొన్ని దినాలు తొడుక్కుంటే మెత్తబడతాయి, ఇయ్యవా" అని పిల్ల వెంటపడింది.

"పాతవి చినిగినాయా మే?"

"లేదు."

"మల్ల? పో, ఆడుకోపో."

పోటీ రోజు పొద్దున కొత్తవి తీసి చేతికిచ్చాను. పాతవి పారేసే అలవాటు నాకు లేదు. అరచేతి దగ్గర దళసరిగా ఉన్నాయి కదా అని, వేడి గిన్నెలు దించడానికి వంటింట్లో పెట్టుకున్నాను. పప్పన్నం గిన్నెను వాటితోనే పట్టుకుని ఆటో ఎక్కాను.

ఆట మొదలైన కాసేపటికే బంతి బ్యాటు అంచుకి తగిలి తిన్నగా మా పిల్ల చేతుల్లోకి వచ్చింది. కొత్త గ్లౌజు చెక్కలా బిగుసుకుని ఉంది. బంతి దానికి కొట్టుకుని ఎగిరి నేలన పడింది. తర్వాత ఇంకొకటీ అలాగే జారింది. ఎంచడానికి వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నీళ్లకి ఆట ఆపినప్పుడు పిల్ల నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. నీళ్లు ముట్టలేదు. నా ఒళ్లోని గిన్నె వైపు చూసింది.

"అవ్వా, అవి ఇయ్యి."

"పప్పు అంటుకోనుండాది మే."

"ఉండనీ. బంతికి ఆకలైతే తింటాది."

కొత్తవి నా ఒళ్లో పడేసి, పాతవి తొడుక్కుని వెళ్లిపోయింది.

కాసేపటికి బ్యాటు పట్టిన పిల్ల బంతిని కొట్టబోయి గీత దాటి ముందుకి వచ్చింది. బంతి తప్పిపోయింది. నేను రెప్ప వేసి తెరిచేసరికి మా పిల్ల దాన్ని పట్టి వికెట్లు పడగొట్టేసింది. ఆ తర్వాత పక్కకి దూకి ఒంటిచేత్తో ఒక క్యాచ్ పట్టింది. ఇక ఆ చేతుల్లోంచి ఏదీ జారలేదు.

ఆట ముగిశాక, ఎంచడానికి వచ్చినవాళ్లలో పెద్దావిడ గ్లౌజుల మీది పసుపు మరకలేమిటని కన్నడలో అడిగింది. "మా అవ్వ వంటింటివి మేడం" అంది పిల్ల. ఆవిడ నవ్వి, కోచ్ వైపు తిరిగింది. రెండు జారవిడిచాక కూడా చెయ్యి వణకలేదని, కీపర్‌గా ఈ పిల్లనే తీసుకుంటున్నామని చెప్పింది. ఇలాగే ఆడితే టీవీలో వచ్చే పెద్ద లీగు దాకా పోతుందని కూడా అంది.

నాకు గుండె పట్టనంత సంతోషం. అయినా పిల్లను ఎదుట పొగడను, దిష్టి తగులుతుంది.

"ఆ మొదటిది యాల ఇడిసినావు మే?" అన్నాను ఆటోలో.

"ఇంటికి పోయినాక నీ బీరువానే అడుగు."

ఇంటికి రాగానే ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీశాను. పిల్లకే కాదు, పాత గ్లౌజులకి కూడా. కొత్తవి ఇచ్చి, రేపటి నుంచి రోజూ తొడుక్కోమన్నాను. పాతవి ఉతికి ఆరబెట్టి, బీరువాలో నా పట్టుచీర పక్కన దాచాను. పెద్ద లీగు రోజున తీయాలి. అందాకా గిన్నెలు దించడానికి నా పైటకొంగు చాలు.