గుమ్మంలో మా అత్తగారు

మొన్న జంషెడ్‌పూర్ గోల్‌మురిలో ఉండే మా ఆడపడుచు ఫోనులో ఒక శుభలేఖ పంపింది. దాని మీద పువ్వులు రాలుతున్నాయి, సన్నాయి మోగుతోంది, పెళ్ళికూతురి పేరులో వత్తు మాత్రం పక్క అక్షరం కిందకు జరిగిపోయింది. నేను కళ్ళజోడు తుడుచుకుని, ముహూర్తం పగలా రాత్రా అని రెండుసార్లు చూసుకున్నాను. ఈ అలవాటు నాకు నలభై ఏళ్ళ నాటిది. ఎలా అంటుకుందో చెబితే నా ఈడు వాళ్ళకు అర్థమవుతుంది.

నేను పెళ్ళై జంషెడ్‌పూర్ వచ్చేనాటికి మాకు దగ్గర్లో ఉన్న ప్రెస్సులో హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు అక్షరాలుండేవి గానీ తెలుగు అక్షరాలు లేవు. తెలుగువాళ్ళింట పెళ్ళంటే ఎవరో ఒకరు కార్డును చేత్తో అందంగా రాసిస్తే దాన్ని బ్లాకు చేయించి అచ్చు వేసేవారు. మా నాన్నగారు కోస్తాలో మిషను బడిలో డ్రాయింగు మాస్టారు కావడంవల్ల నాకు చిన్నప్పటినుంచీ కుంచె, పాళీ అలవాటే గనుక, ఆ ఎవరో ఒకరు నేనయ్యాను. కార్డుల వెనకాలే మిగతా పనులూ వచ్చాయి. కార్ఖానాలో హెల్మెట్టు పెట్టుకోమని చెప్పే పోస్టర్లు, పక్క క్వార్టర్ల బెంగాలీ ఆడవాళ్ళ చీరల మీద పువ్వులు, మా చర్చిలో క్రిస్మస్ నాటకానికి తెరలు, సాయంత్రాలు వరండాలో పిల్లలకు డ్రాయింగు క్లాసు. మావారిది మిల్లులో షిఫ్టు డ్యూటీ. గుమ్మంలోకి వచ్చి అడిగినవాళ్ళెవరికీ కాదనలేకపోయేదాన్ని, ఎన్ని ఒప్పుకుంటే అంత సమర్థురాలినని కూడా లోలోపల అనుకునేదాన్ని. ఇంట్లో అత్తగారు మాత్రం రంగుల వాసనకు ముక్కు మూసుకుని ఏదో ఒకటి సణుగుతూ ఉండేవారు.

ఆ ఏడాది నవంబరులో అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. మా ఊళ్ళోనే కద్మాలో ఒక ఇంజనీరుగారి అమ్మాయికి డిసెంబరు మొదట్లో పెళ్ళి. శుభలేఖ రాసిచ్చాను. ప్రెస్సాయనకు తెలుగు రాదు గనుక ప్రూఫు నా దగ్గరికే వచ్చింది. బెత్లెహేము తెర మీద ఆకాశానికి నీలం వేస్తున్నదాన్ని, కుంచె కిందపెట్టకుండానే ఒకసారి చూసి బాగుందని పంపేశాను. కార్డులు అచ్చయ్యాయి, ఊళ్ళకు పోస్టులో వెళ్ళిపోయాయి. వారం తర్వాత, మిగిలిన కార్డొకటి అలమరలో ఉంటే మా అత్తగారు తీసి, బైబిలు చదువుకునే తీరులో వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నారు.

“పెల్లి పగలని ఆ పిల్ల తల్లి సెప్పింది కదేటి. నువ్వేటి, రాత్రని రాసీసినావు?”

పగలు పది గంటల ఇరవై నిమిషాల ముహూర్తాన్ని రాత్రి చేసేశాను. శ్రీకాకుళం వైపునుంచి రావలసిన బంధువులు ఆ కార్డు నమ్ముకుంటే సాయంత్రం బండికి దిగుతారు, పెళ్ళికూతురిని గంపలో తేవలసిన మేనమామతో సహా. చేతికున్న రంగు కూడా కడుక్కోకుండా రిక్షా ఎక్కి కద్మా వెళ్ళి, తప్పు నాదేనని చెప్పాను. ఆ ఇంజనీరుగారు “ఇప్పుడు అనుకుని లాభం లేదమ్మా, ఎవరెవరికి వెళ్ళాయో రాసుకుందాం, కూర్చోండి” అన్నారు. మేనమామకు టెలిగ్రాం ఇచ్చారు. మిగతా అందరికీ రెండు రోజులు కూర్చుని నేనే పోస్టుకార్డులు రాశాను. ఆ రెండు రోజులూ పోస్టర్లు ఆగాయి, తెర ఆగింది, క్లాసుకొచ్చిన పిల్లలు వరండాలో ఆడుకుని వెళ్ళిపోయారు.

మేనమామ వేళకే వచ్చారు. కానీ పలాస అవతల పల్లెనుంచి, పెళ్ళికూతురి నాయనమ్మ చెల్లెలు, ఒక్కర్తీ ప్రయాణం చేసి సాయంత్రం దిగింది. నా పోస్టుకార్డు ఆవిడకు అందలేదు. అప్పటికి పందిట్లో అరటిబోదెలు విప్పుతున్నారు. విందుకు వెళ్ళినదాన్ని, ఆవిడ పక్కన కూర్చుని ఆ కార్డు రాసింది నేనేనని చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ సంచిలోంచి కార్డు తీసి, దాని మీద చెయ్యి వేసి నిమిరింది.

“నువ్వా అమ్మా రాసినావు? అచ్చరాలు ఎంత సక్కగున్నాయో అని దాసుకున్నాను” అంది.

ఆ మాట తర్వాత నాకు అన్నం దిగలేదు. ఇంటికొచ్చి, ఇక బడిలో ఏదైనా చిన్న ఉద్యోగం చూసుకుని ఇవన్నీ మానేస్తానన్నాను. మావారు సరేనన్నారు. ఇన్నాళ్ళూ సణిగిన మా అత్తగారే ఒప్పుకోలేదు.

“పని మానీమని ఎవులన్నారు? గుమ్మంలో నిలబడి ఒప్పీసుకోకు, అంతే” అన్నారు.

మర్నాటినుంచి గుమ్మం దగ్గర పీట వేసుకుని ఆవిడే కూర్చున్నారు. తెలుగువాళ్ళొస్తే “రేపు సెప్తాది, ఎల్లిరండి” అనేవారు. హిందీవాళ్ళకు ఆవిడకు వచ్చిన రెండే రెండు మాటలు, “కల్ ఆనా”, రేపు రమ్మని. లోపల నేను పట్టిన పని ముగించుకుని, సాయంత్రం ఆవిడతో కూర్చుని ఏది ఒప్పుకోవాలో, ఏది వద్దనాలో తేల్చుకునేదాన్ని. పొద్దున్న చెయ్యి నిలకడగా ఉన్నప్పుడు అక్షరాలు, మధ్యాహ్నం పోస్టర్లు, చీరలు. ఆదివారం చర్చి తప్ప ఏమీ లేదు. పూర్తయిన ప్రతి కార్డునూ ఆవిడ వేలు పెట్టి చదివాకే ప్రెస్సుకు పంపేదాన్ని. చదవడం అయ్యాక బాగుందని ఏనాడూ అనలేదు. కార్డు నా ఒళ్ళో పెట్టి లేచి వెళ్ళేవారు, అదే ఒప్పుకోలు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. కంప్యూటర్లు వచ్చి నా అక్షరాల అవసరమూ తీరిపోయింది. దానికి నాకు దిగులు లేదు, చేసినంత చేశాను. ఇప్పుడు ఇలా నాలుగు రకాల పనులు ఒంటిచేత్తో చేసుకునే పిల్లలను చూస్తే మాత్రం జాలేస్తుంది. అడిగినవాడికి ఆ నిమిషంలోనే జవాబు కావాలి. మా కాలంలో రేపు అంటే నొచ్చుకోకుండా సైకిలెక్కి వెళ్ళి, మర్నాడు అదే మొహంతో మళ్ళీ వచ్చేవారు. ఆ ఒక్కరోజు గడువు నాకిప్పించడానికి, రంగు వాసన గిట్టని మనిషి పన్నెండేళ్ళు గుమ్మంలో కూర్చుంది.