మాచేత వీధిని చదివించిన సువార్త మేడం

తాడేపల్లిగూడెం స్టేషన్‌లో ఏలూరు నుంచి వచ్చిన పాసింజరు దిగి కాలేజీకి వెళ్ళే ఆటో కోసం నిలబడి ఉండగా షకీలా ఫోన్ చేసింది. "పద్మా, మేడం వెళ్ళిపోయారే" అంది. "ఎక్కడికి?" అని అడిగాను. ఆ ప్రశ్న అడిగిన తరువాత, అవతలి నుంచి వెక్కిళ్ళు వినిపించిన తరువాత గాని నాకు విషయం బోధపడలేదు. మా గురువర్యులు డాక్టర్ సువార్త గారు ఏలూరులో తమ ఇంట్లో నిద్రలోనే కన్నుమూశారు. ఆటోలు వస్తున్నాయి, పోతున్నాయి. ఏదీ ఎక్కాలనిపించలేదు. ఆ రోజు మేడం లేని లోకంలో పాఠం చెప్పటం నావల్ల కాలేదు. వచ్చిన దారినే మరో బండి పట్టుకుని ఏలూరు తిరిగి వెళ్ళాను.

సువార్త మేడం పెదపాడులో పుట్టారు. తండ్రి మిషన్ స్కూలు ఉపాధ్యాయుడు, తల్లి వరి చేలలో కూలికి వెళ్ళిన మనిషి. ఏలూరులోని ఒక డిగ్రీ కాలేజీలో దీర్ఘకాలం సమాజశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. ఆమె పాండిత్యాన్ని అంచనా కట్టగల పెద్దలు వేరే ఉన్నారు. నల్లజర్ల నుంచి బిక్కుబిక్కుమంటూ ఆ కాలేజీలో అడుగుపెట్టిన ఒక రైతు కూతురిని ఆమె ఏం చేశారో, అది మాత్రం నేనే చెప్పాలి.

మొదటి వారంలోనే ఒకరోజు క్లాసులో, "పద్మగారూ, మీరు చెప్పండి" అన్నారు. నా వెనక ఎవరైనా పెద్దవాళ్ళు కూర్చున్నారేమోనని తిరిగి చూశాను. అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు. "రేపు మీరు ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళ గుమ్మంలో నిలబడి వాళ్ళని గౌరవంగా పిలవాలి. ఆ గౌరవం ముందు మీకు దక్కాలి కదండీ" అన్నారు. పదిహేడేళ్ళ పిల్లలమైన మమ్మల్ని ఆమె చివరిదాకా 'అండీ' అనే పిలిచారు. కోపం వచ్చినప్పుడు కూడా అంతే. "మీరు బొత్తిగా బద్ధకస్తులండీ" అని ఆమె తిడితే ఆ మర్యాదకు మరింత సిగ్గేసేది.

కోపం మాత్రం తక్కువదేం కాదు. ఎండ అంటే లెక్కలేదు, ఆకలి అంటే లెక్కలేదు. వైశాఖంలో మమ్మల్ని వీధుల వెంట తిప్పి, ఎవరైనా నీరసంగా చెట్టు నీడ చూసుకుంటే ఓర్చుకునేవారు కాదు. సెలవు అడిగిన విద్యార్థితో రెండు రోజులు మాట్లాడకపోవటమూ కద్దు. ఆమెను కేవలం కరుణామూర్తిగా చిత్రిస్తే ఆమే ఒప్పుకోరు.

మేము రెండో సంవత్సరంలో ఉండగా, తమ్మిలేరు గట్టుకు దగ్గరలోని ఒక వీధిని అధ్యయనం చేయిస్తానన్నారు. ఆ వీధిలో తరతరాలుగా తివాచీలు నేసే ముస్లిం కుటుంబాలున్నాయి. చర్చిని ఆనుకుని క్రైస్తవుల ఇళ్ళు, మలుపులో గుడి, గుడి ఎదుట మార్వాడీల బట్టల కొట్టు. కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేశాక బతుకు వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు ఒక వరుసలో ఉండేవి. చివర రేకుల గదుల్లో చేపల ప్యాకింగుకు వచ్చిన ఒడిశా కుర్రాళ్ళు. ఇంతమంది ఒకే కుళాయి దగ్గర ఎలా సర్దుకుంటున్నారు, ఎక్కడ సర్దుకోలేకపోతున్నారు అన్నది మా పరిశోధనాంశం.

ఏ ఇద్దరినీ ఒకే మతం వాళ్ళను జత చెయ్యలేదు మేడం. నాకు షకీలాను జత కలిపారు. షకీలా ఆ వీధి పిల్లే. వాళ్ళ నాన్నగారు మస్తాన్ గారు మగ్గం మీద కూర్చుంటే తివాచీ తప్ప మరొకటి కనిపించని మనిషి. బయలుదేరే ముందు మేడం మాకు చెప్పిన మాట ఇది: "వాళ్ళని అడిగే ముందు మీ సంగతి మీరు చెప్పండి. ఏ ఊరు, ఎవరి పిల్లలు, ఏం చదువుతున్నారు, ఎందుకొచ్చారు, అన్నీ. ఏమీ ఇవ్వకుండా అడిగేది విచారణండీ. మనం చేసేది అది కాదు."

మా జట్లలో ఒకటి ఆ రేకుల గదులను కాగితం మీద గీసి, 'బయటివాళ్ళు' అని రాసుకొచ్చింది. మేడం ఆ మాట మీద వేలు పెట్టి, "దేనికి బయటండీ?" అని అడిగారు. మర్నాడు మమ్మల్నందరినీ ఆ వీధికి తీసుకువెళ్ళి, ప్రతి ఇంటి పెద్దనూ ఒకే ప్రశ్న అడగమన్నారు: మీవాళ్ళు ఇక్కడికి ఎక్కడి నుంచి వచ్చారు? తివాచీల వాళ్ళు తమ తాతలు ఎక్కడో పడమటి దేశం నుంచి వచ్చారన్నారు. చర్చి పక్కవాళ్ళు గుండుగొలను వైపు నుంచి, కొట్టువాళ్ళు మార్వాడు నుంచి, గుడి పూజారి గారి పూర్వులు గోదావరి అవతలి నుంచి. సాయంత్రం మేడం అన్నారు, "ఈ వీధిలో లోపలివాళ్ళెవరో నాకు చూపించండి. అప్పుడు బయటివాళ్ళ గురించి మాట్లాడుకుందాం."

అన్నీ ఇంత సాఫీగా సాగలేదు. ఒక మధ్యాహ్నం ఎవరి ఫోన్ నుంచి పుట్టిందో గాని, మా ఫోటోతో ఒక సందేశం వీధంతా పాకింది. కాలేజీ పిల్లల పేరుతో మతాల వారీగా జనాన్ని రాసుకుంటున్నారని, తరువాత ఇళ్ళు ఖాళీ చేయిస్తారని. నేనూ షకీలా ఒక ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నాం. చూస్తుండగానే చుట్టూ జనం మూగారు. అందులో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. భయం విషయంలో మాత్రం వీధి ఏకమైంది. నన్ను ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు. షకీలానే నిలదీశారు. "మా కళ్ళ ముందు పెరిగిన పిల్లవి, మా పేర్లు రాసి ఎవరికిస్తున్నావే?" అని అడిగింది ఆమె సొంత మేనత్త. నేను మేడంకు ఫోన్ చేశాను.

మేడం ఆటోలో వచ్చారు. పోలీసులకు చెప్పమని ఎవరో సలహా ఇచ్చారట, వద్దన్నారట. జనం మధ్యకు వచ్చి ఆ అరుగు మీదే మా పక్కన కూర్చున్నారు. "కోపంగా ఉన్నారు. ఉండాల్సిందేనండీ. నా ఇంటికొచ్చి ఎవరో రాసుకుపోతే నేనూ అడుగుతాను" అన్నారు. అప్పటిదాకా రాసిన కాగితాలన్నీ కాలేజీ నుంచి తెప్పించారు. ఏ ఇంటివి ఆ ఇంటికి, పేరు పిలిచి చేతికిచ్చారు. "ఇవి మీ మాటలు. చదువుకోండి. చదవటం రాకపోతే మా పిల్లలు చదివి వినిపిస్తారు. ఉంచుకుంటారో, చింపేస్తారో, మాకు తిరిగి ఇస్తారో మీ ఇష్టం."

నెలల తరబడి చేసిన పని మా కళ్ళ ముందు చేతులు మారిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. మేడం నా వైపు చూసి నెమ్మదిగా, "అది మనది కాదండీ పద్మగారూ" అన్నారు. ఆమె పరిశోధన పత్రం దాని మీదే ఆధారపడి ఉందని నాకు తరువాత తెలిసింది.

కొన్ని ఇళ్ళవాళ్ళు ఆ వారంలోనే కాగితాలు తిరిగి తెచ్చిచ్చారు. కొందరు ఇంకా నాలుగు సంగతులు చేర్చి రాయించారు. కొందరు చింపేశారు. చింపినవాళ్ళ ఇళ్ళను మేము గీసిన వీధి పటంలో మేడం ఖాళీగా వదిలేశారు. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశీలకుడు ఆ ఖాళీలు చూసి, "ఇదేం సమాచారమమ్మా, చిల్లుల చాప" అని నవ్వాడు. మేడం నిలబడి, "వద్దన్న వాళ్ళ మాట కూడా మేము నమోదు చేశామండి. అదే ఈ ఖాళీ" అన్నారు. ఆ పత్రం ఆమోదం పొందలేదు. ఆమె దాన్ని తేలిగ్గా తీసుకున్నారని రాయలేను. స్టాఫ్ రూములో ఒంటరిగా కిటికీ వైపు తిరిగి కూర్చుని కళ్ళు తుడుచుకోవటం గుమ్మంలోంచి చూశాను. మరుసటి గంటకు పాఠం మామూలుగానే చెప్పారు.

ఆ గొడవ తరువాత మస్తాన్ గారు కూతురి చదువు మాన్పించారు. వీధిలో తలెత్తుకోలేకపోతున్నామన్నారు. నచ్చచెబుతారని నేను మేడం వెంట వెళ్ళాను. ఆమె చదువు ఊసే ఎత్తలేదు. మగ్గం పక్కన పీట వేసుకుని, "ముడి ఎలా వేస్తారో నాకు నేర్పుతారా అండీ?" అని అడిగారు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక అక్కడికే వెళ్ళేవారు. నేర్చుకున్నదేమీ లేదు, ముడులన్నీ వదులే. షకీలా వాళ్ళమ్మ విప్పి మళ్ళీ వేసేది. చివరికి ఒక ఆదివారం మస్తాన్ గారే నవ్వేశారు. "మీకు ఈ పని రాదండీ మేడం గారూ."

"రాదండీ. మీ అమ్మాయికి మా పని బాగా వచ్చు" అన్నారు మేడం.

ఆయన నూలు సవరిస్తూనే అన్నారు, "సరే, సోమవారం నుంచి పంపిస్తానండీ. వీధిలో ఎవరన్నా అంటే?"

"నా పేరు చెప్పండి. నన్ను అననివ్వండి."

షకీలా ఇవాళ ఏలూరులో హైస్కూలు ఉపాధ్యాయిని. నేను తాడేపల్లిగూడెంలో అధ్యాపకురాలిని. మా ఇద్దరి స్నేహం మా జీవితాల్లో మిగిలిన గొప్ప ఆస్తి. దాన్ని కట్టబెట్టిన చేతిని మొన్న పెదపాడు సమాధుల తోటలో మట్టికి అప్పగించాం. పాస్టరు గారు ప్రార్థన చేస్తుండగా మస్తాన్ గారు కర్ర పట్టుకుని దూరంగా నిలబడ్డారు. మట్టి వెయ్యవచ్చునా అని ఎవరినో అడిగారు. మేడం తమ్ముడు వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

అందరూ కదులుతుండగా, గేటు దగ్గర కూర్చున్న ఒక ముసలమ్మ నన్ను ఆపింది. ఎప్పుడూ చూసిన గుర్తు లేదు. కొల్లేరు లంక నుంచి ఏలూరు బజారుకు చేపలు తెచ్చి అమ్ముతుందట.

"మీరు మేడం గారికి ఏమవుతారమ్మా?"

"శిష్యురాలినండీ. మీరు?"

"నేనేం కానమ్మా. బజార్లో నా గంప పక్కన కూకుని, 'మీ కథ చెప్పండమ్మా' అనీవోరు. చేపలు కొన్నా కొనకపోయినా వచ్చీవోరు. ఇన్నేళ్ళొచ్చాయి, ఇంట్లోవోళ్ళు గానీ బయటోళ్ళు గానీ నన్నా మాట అడగలేదు. సగమే చెప్పానమ్మా."

నేను ఆమె పక్కన కూర్చుని, మిగతాది నాకు చెప్పమన్నాను. చెబుదామనే నోరు తెరిచింది. నా మొహంలోకి కాసేపు చూసింది. "ఇప్పుడు కాదులేమ్మా" అని కొంగుతో కళ్ళొత్తుకుంది.

మేడం నేర్పిన పద్ధతులు మాకున్నాయి, ఆమె శిష్యులం వందల్లో ఉన్నాం. ఆ ముసలమ్మ ఎవరి ముఖం చూసి నోరు విప్పిందో ఆ ముఖం మాత్రం ఇక లేదు. తల్లిలాంటి మా గురువుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.