మా కత్తెరక్క ఆపించిన పేపరు

మా అక్క గురించి అడిగితే నేను మామూలుగా మాట్లాడలేనండి, ముందే చెబుతున్నాను. చేతులూపుతాను, గొంతు పెంచుతాను, మీరు సర్దుకోవాలి. మా పెద్దమ్మ కూతురు. మధ్యాహ్నం పూట వచ్చే మా చిన్న పేపర్లో ఆవిడ సబ్ ఎడిటరు, నేను ఫొటోగ్రాఫర్ని. ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆవిడే, "నీకు ఫొటోలు తప్ప ఇంకేం చేతకాదురా" అని తిట్టి మరీ ఇప్పించింది. విలేకరులు రాసుకొచ్చిన దాంట్లో సగానికి సగం తెగ్గొడుతుంది కాబట్టి ఆఫీసులో అందరికీ కత్తెరక్క. మొహం మీదే అంటారు. "తెగ్గొట్టకపోతే మిమ్మల్ని జైల్లో కూర్చోబెడతార్రా సన్నాసుల్లారా! అక్కడికి క్యారేజీలు నేను మోయలేను" అంటుంది.

ఆవిడకో పిచ్చి అలవాటుంది. అచ్చు మిషన్లోంచి మొదటి కాపీ రాగానే లాక్కుని ఆఖరి పేజీ నుంచి వెనక్కి చదువుతుంది. ఎందుకంటే మొదటి పేజీ అప్పటికే పదిసార్లు చూసి కళ్ళు మొద్దుబారిపోయి ఉంటాయట.

ఆ రోజు సంగతి చెబుతాను. పొద్దున్నే మా క్రైం విలేకరి రొప్పుతూ వచ్చి పడ్డాడు. ఆడపిల్లలకి వాలీబాల్ నేర్పే కోచ్‌ని పోలీసులు పట్టుకెళ్ళారు. తన జట్టులోనే ఒక పిల్లతో అసభ్యంగా ప్రవర్తించాడు వెధవ. ఇంకే పేపరుకీ తెలీదు! ఎడిటర్ గారు, అంటే పేపరు ఓనరు కూడా ఆయనే, కుర్చీలో కూర్చోలేకపోయారు. "మొదటి పేజీ! పైన! పెద్దక్షరాల్లో!" అని గదంతా తిరిగారు. ఆయన వెనకాలే నేనూ తిరిగాను, ఎందుకో నాకే తెలీదు.

అక్క కత్తెర తీసింది. పిల్ల పేరు పోయింది. తండ్రి పేరు, వీధి పేరు, బడి పేరు, అన్నీ పోయాయి. ఇలాంటి కేసుల్లో పిల్ల పేరు వేయడం నేరమని మా ఆఫీసులో తిరిగే పిల్లికి కూడా తెలుసు. "వారం నుంచి ఆ బాలిక ఆటకి రావడం లేదు" అన్న వాక్యం మాత్రం మిగిలింది. అందులో ఏముంది? ఏమీ లేదు. అక్కే సరేనని పంపింది.

మిషన్ మొదలైంది. అబ్బ, ఆ చప్పుడు వింటే నాకిప్పటికీ ఒళ్ళు ఉప్పొంగుతుంది! మొదటి కట్ట వ్యానెక్కి బస్టాండుకి వెళ్ళిపోయింది. అక్క తన కాపీ తీసుకుని ఆఖరి పేజీ చూసింది. అది ఆటల పేజీ. ఆటల విలేకరి వేరే గదిలో తన పేజీ తనే తయారు చేసుకుంటాడు, అక్క దగ్గరికి రాదు. అక్కడో చిన్న వార్త. బాలికల వాలీబాల్ జట్టుకి కొత్త కెప్టెన్ వచ్చిందట. పాత కెప్టెన్ వారం క్రితం ఆట మానేసిందట. ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఇద్దరి ఫొటోలూ ఉన్నాయి.

అక్క పేపరు తిప్పి మొదటి పేజీ చూసింది. మళ్ళీ ఇటు తిప్పింది. మొహం పాలిపోయింది.

"ఆపండి!"

ఆ కేకకి మిషన్ నడిపే ఆయన హడలిపోయి మీట నొక్కేశాడు. "ఎవరి చెయ్యి పడిందమ్మా?" అన్నాడు పాపం.

ఎడిటర్ గారు ఒంటికాలి మీద లేచారు. "ఎవరు ఆపమన్నారు?" అక్క రెండు పేజీలూ ఆయన ముందు పరిచింది. ఏ పేజీకి ఆ పేజీ శుభ్రంగానే ఉంది. రెండూ కలిపితే ఆ పిల్ల ఫొటోతో సహా దొరికిపోతోంది.

"రెండూ కలిపి ఎవడు చదువుతాడమ్మా?"

"నేను చదివాను కదండీ!"

"నువ్వు మనిషివి కాదు!"

"కాకపోతే పోనీయండి. పేరొక్కటే వేయొద్దని చట్టం అనలేదు, పిల్లెవరో తెలిసే ఏ ముక్కా వేయొద్దంది. మనల్ని జైల్లో వేస్తే ఎప్పుడో ఒకప్పుడు వదిలేస్తారు. ఆ పిల్ల రేపు వీధిలోకి ఎలా వస్తుందండీ?"

అక్క అక్కడే నిలబడి పెన్ను తీసి జట్టు, ఆట, కోచ్ పేరు, ఆ వారం ముక్క కొట్టేసింది. ఆటల వార్తలో పాత కెప్టెన్ ఊసే లేకుండా చేసింది. "ఒక శిక్షకుడి అరెస్టు" అని రెండు ముక్కలు మిగిలాయి. "ఉప్పులేని కూర చేశావు కదమ్మా" అని ఎడిటర్ గారు తల పట్టుకున్నారు గానీ, సంతకం పెట్టారు.

"పదరా, బస్టాండుకి!" అంది అక్క. నా బండి ఎగిరింది. వెనక కూర్చుని దారంతా నా వీపు మీద గుద్దుతూనే ఉంది, అదే హారన్ అనుకుందేమో మహాతల్లి!

పేపర్లమ్మే అతను అప్పుడే కట్ట విప్పాడు. అక్క కట్ట మీద పడి రెండు చేతులతో కావలించుకుంది. "ఏమైందమ్మా?" అన్నాడతను. "తప్పు పడింది." "ఏం తప్పు?" "చెప్పను." అలా అంటే జనం ఊరుకుంటారా? ఎవరి గురించట, ఏ పేజీలోనట అంటూ చుట్టూ మూగారు. నేను నోరు తెరవబోయాను. అక్క నా కాలు తొక్కింది. అప్పుడు వెలిగింది నాకు. ఏం తప్పో చెబితే ఆ తప్పు మేమే ఇంకోసారి చేసినట్టు!

"ఒక్కటి అమ్మేశానమ్మా, ఆ బస్సులో కిటికీ పక్కనున్న పెద్దాయనకి" అన్నాడతను.

బస్సు బయల్దేరడానికి గుర్రుమంటోంది. ఎక్కేశాం. ఆ పెద్దాయన ఆఖరి పేజీ పైకి పెట్టి పక్కవాళ్ళందరికీ చూపిస్తున్నాడు. "మా తమ్ముడి కూతురండీ! కొత్త కెప్టెన్!" ఆనందంతో ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"బాబాయిగారూ, నేను ఆ పేపరు మనిషినే. తప్పు పడిందండీ. తిరిగిచ్చేయండి, సరిచేసింది మీ ఇంటికి నేనే తెచ్చిస్తాను."

"భలేదానివమ్మా! మా పిల్ల ఫొటో ఇచ్చేస్తానా? ప్రాణం పోయినా ఇవ్వను."

కండక్టరు దిగమని అరుస్తున్నాడు. మా పేపరు మొత్తం ఒకే పెద్ద కాగితం, మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు. విప్పితే ఆఖరి పేజీ పక్కనే మొదటి పేజీ ఉంటుంది. అక్క ఆ మడత చూసింది. "మీ పేజీ మీరుంచుకోండి, నా పేజీ నాకివ్వండి" అంది. ఆయన ఆలోచించి సరేనన్నాడు. అక్క మడత వెంట జాగ్రత్తగా చింపి, మొదటి పేజీ ఉన్న సగం గుప్పిట్లో ముడుచుకుంది.

హమ్మయ్య అనుకుని దిగబోతున్నాం.

"ఇంతకీ ఈ పాత కెప్టెన్ పిల్ల ఎందుకు మానేసిందమ్మా?" అన్నాడు పెద్దాయన, ఫొటో మీద వేలు పెట్టి. "బంగారం లాంటి పిల్ల, మా తమ్ముడి ఇంటికి వస్తుండేది. పేపరువాళ్ళు కదా, మీకన్నీ తెలుస్తాయి."

బస్సంతా ఇటు తిరిగింది. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేని వార్త అక్క గుప్పిట్లో నలుగుతోంది.

"తెలీదండి" అంది అక్క.

"ఏం పేపరువాళ్ళమ్మా మీరు!" అని ఆయన పకపకా నవ్వాడు. బస్సు బస్సంతా నవ్వింది. అక్క కూడా వాళ్ళతో పాటే నవ్వి, తలొంచుకుని దిగింది.