చేత్తో రాయించిన క్షమాపణ

ఆ ఉత్తరం ఫొటో మొదటిసారి మా అమ్మాయి ఫోన్‌లో చూశాను. తెల్లకాగితం మీద బడిపిల్ల రాసినంత పొందికగా కొరియన్ అక్షరాలు. రాసింది ఇరవై రెండేళ్ల గాయని. ఒక కుర్రాడితో కారులో కూర్చుని ఉండగా ఎవరో చాటు నుంచి ఫొటో తీశారు. మేమిద్దరం ఇష్టపడుతున్నాం అని ఆ పిల్ల ఒప్పుకుంది. నేరం అంతే. దానికి, మీ నమ్మకాన్ని గాయపరిచాను, ఇంకెప్పుడూ ఇలా జరగదు అని రాసి లోకానికంతా చూపించాలి. టైపు చేస్తే చెల్లదట. చేతిరాతలో ఉంటేనే పశ్చాత్తాపం నిజమట.

బ్రెగ్జిట్ ఓటు జరిగిన మరుసటి ఏడాది సంగతి ఇది. నేను ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మాయికి పదహారేళ్లు. కొరియా పాటల పిచ్చి. గోడ మీద ఆ గాయని ఉన్న అయిదుగురు అమ్మాయిల బృందం బొమ్మ, బల్ల మీద కచేరీలో ఊపే వెలుగు కర్ర. దేవుడి పటం లేని ఇల్లు మాది. అటువంటి ఇంట్లో ఆ కర్రకి జరిగే సేవ చూస్తే నాకు ఒళ్లు మండేది.

అయినా ఆ బృందాన్ని నడిపే కంపెనీ గురించి అమ్మాయి చెప్పినప్పుడు మెచ్చుకున్నాను. దాన్ని పెట్టినవాడూ ఒకప్పుడు గాయకుడే. కుర్రతనంలో ఒక పెద్ద కంపెనీలో ఉండి, ఏం తినాలో, ఎవరితో మాట్లాడాలో కూడా వాళ్లే నిర్ణయించే కాంట్రాక్టు మీద తిరగబడి బయటికొచ్చాడు. కళాకారుల కోసం కళాకారుడు పెట్టిన సంస్థ అని చెప్పుకున్నాడు. భేష్ అనుకున్నాను. తీరా చూస్తే, తన దగ్గర చేరిన పిల్లలకి అతను పెట్టిన మొదటి షరతు, మూడేళ్లు ఎవరినీ ప్రేమించకూడదని. తనని కట్టిన తాడు విప్పుకుని, పారెయ్యకుండా దాచిపెట్టి, వీళ్లకి కట్టాడు. కాలేజీ రోజుల నుంచి హేతువాద మండలిలో చర్చలు నడిపినవాణ్ణి, గురువుల్నీ బాబాల్నీ చాలామందిని చూశాను. ఇంత అసహ్యం మాత్రం ఎవరి మీదా కలగలేదు.

సంగతి అక్కడితో ఆగినా పోయేది. మా అమ్మాయి, నలుగురు స్నేహితురాళ్లు శనివారాలు కౌన్సిల్ వాళ్ల హాల్లో ఆ బృందం డ్యాన్సులు నేర్చుకునేవాళ్లు. ఒక్కొక్కరు ఒక్కో గాయని స్థానం తీసుకుంటారు. ఆమె అడుగులు, ఆమె నిలబడే చోటు, ఆమె తల తిప్పే తీరు అన్నీ వాళ్లవే. మా అమ్మాయిది ఆ ఉత్తరం రాసిన పిల్ల స్థానం. వేసవిలో మార్కెట్ స్క్వేర్‌లో జరిగే జాతరలో ఆడాలని రెండు నెలలుగా కష్టపడుతున్నారు.

ఉత్తరం వచ్చిన మూడో రోజుకి జట్టు పెద్ద నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ఆ పెద్ద మా వెనక వీధిలో ఉండే ఇంగ్లీషు పిల్ల. అభిమానులంతా కలిసి ఆ గాయనిని బృందం నుంచి తీసెయ్యమని కంపెనీకి పిటిషన్ పెడుతున్నారు. మన జట్టు కూడా సంతకాలు పెట్టాలి. డ్యాన్స్ నలుగురికి సర్దుతాం. మా అమ్మాయి సంతకం పెడితే ఇంకొకరితో వంతులేసుకుని ఆడొచ్చు. పెట్టకపోతే జట్టులో ఉండదు. శనివారంలోగా చెప్పాలి.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను ఉపన్యాసం అందుకున్నాను. ఎవరి కూతురు ఎవడితో తిరుగుతోందో కాపలా కాసే ఊరి పెద్దలు కొరియాలో పుట్టినా, ఇంగ్లండులో పుట్టినా ఒకటే కులం అన్నాను. మనిషి ఇష్టపడినందుకు క్షమాపణ రాయించినవాడు మనిషి కాడు అన్నాను. నువ్వు సంతకం పెడితే నా ఇంట్లో అంతకంటే సిగ్గుచేటు ఇంకోటి ఉండదన్నాను. ముందు అన్నం తినమని మా ఆవిడ రెండుసార్లు చెప్పింది.

అమ్మాయి పళ్లెంలోకి చూస్తూ ఇంగ్లీషులో అంది. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు.

"నువ్వు వాట్‌ఫర్డ్ అంకుల్ చేత రాయించావు కదా, నాన్నా."

ఆ అంకుల్, ఇప్పుడు లండన్ పక్కన వాట్‌ఫర్డ్‌లో ఉంటున్న నా కాలేజీ స్నేహితుడు. మా మండలి సభ్యుడు. పురోహితుడు, మంత్రం, ముహూర్తం లేకుండా పెళ్లి చేసుకోవాలన్నది మా నియమం. ఇండియాలో ఉన్నప్పుడు అతని పెళ్లి వేదిక మీద దండలు మార్చి చేశాం, నేనే మాట్లాడాను. నెల తిరిగాక తెలిసింది, అంతకు రెండు రోజుల ముందే పెళ్లికూతురి ఇంట్లో పురోహితుణ్ణి పెట్టి తాళి కట్టించారని. కార్యదర్శిగా నేను అతని చేత క్షమాపణ రాయించి, సమావేశంలో నిలబెట్టి చదివించాను. అతని గొంతు ఎలా వణికిందో అనుకరిస్తూ ఆ కథ మా ఇంట్లో ఎన్ని విందుల్లో చెప్పానో. అందరూ నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు. అమ్మాయి మెట్ల మీద కూర్చుని విన్నట్టుంది.

ఆయన నియమం ఒప్పుకుని తప్పాడు, అది వేరు అన్నాను. ఆ గాయని కూడా కాంట్రాక్టు మీద సంతకం పెట్టే తప్పింది అంది. అక్కడ మూఢనమ్మకం, ఇక్కడ ప్రేమ అన్నాను.

"అంకుల్ తాళి కట్టింది ఆంటీ కోసమే కదా?"

మైకు పట్టుకుని ముప్పై ఏళ్లు వాదించినవాణ్ణి. మజ్జిగ కలుపుకుని తినేసి లేచిపోయాను.

మర్నాడు వాట్‌ఫర్డ్‌కి ఫోన్ చేశాను. అతను నా వైపే మాట్లాడతాడని నమ్మకం. నువ్వు మనస్ఫూర్తిగానే కదా రాశావు, మా అమ్మాయికి ఒక మాట చెప్పు అన్నాను.

"నేను రాయడమేంటిరా?" అన్నాడు. "నేను కలం పట్టుకున్నాను, నువ్వు చెప్పావు. సిగ్గుపడుతున్నాను అని రాస్తే చాలదని, తీవ్రంగా అని పైన కలిపించావు."

మరి నేను చెప్పినప్పుడల్లా నవ్వేవాడివి కదా అన్నాను.

"నీ ఇంట్లో నీ అన్నం తింటూ ఏం చెయ్యమంటావు? ఆవేళ సమావేశంలో మా ఆవిడ కూడా వెనక వరసలో కూర్చుంది, నీకు గుర్తులేదు. మీ ఇంటికి రమ్మంటే రాదురా. అందుకే ప్రతిసారీ తనకి డ్యూటీ పడిందని చెప్తుంటాను."

ఆమె నర్సు. వాళ్లు వాట్‌ఫర్డ్ వచ్చిన ఎనిమిదేళ్లలో ఒక్క శని, ఆదివారం కూడా సెలవు దొరకదా అని నేను ఆ హాస్పిటల్ వాళ్లని తిట్టిపోసేవాణ్ణి.

శనివారం అమ్మాయిని హాల్ దగ్గర దింపుతూ ఆ ఫోన్ సంగతంతా చెప్పాను. సంతకం పెట్టడమా మానడమా నీ ఇష్టం అన్నాను. కావాలంటే లోపలికొచ్చి వాళ్లతో మాట్లాడతాను అన్నాను, అలవాటు పోదు కదా. కారులోనే ఉండమంది. వైపర్లు ఆపి కూర్చున్నాను. ఎదురుగా టేకవే హోటల్ వాడు షట్టర్ ఎత్తుతున్నాడు. పది నిమిషాలకే బూట్ల సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పెట్టలేదు" అంది, తెలుగులో.

శభాష్ అనబోయాను.

"నీ కోసం కాదు" అంది. ఇక ఇంగ్లీషులోకి వెళ్లిపోయింది. ఆ గాయని ఏ అడుగు దగ్గర ఊపిరి తీసుకుంటుందో కూడా తనకి తెలుసట. రెండు నెలలు ఆమెలా నిలబడి, ఇప్పుడు ఆమెని తీసెయ్యమని ఎలా రాస్తుందట. జాతరలో నలుగురే ఆడతారు. తను వెళ్లి చూస్తుందో లేదో ఇంకా తెలియదు.

ఆ కంపెనీవాడి మీద అసహ్యం నాకు అణువంతైనా తగ్గలేదు. కాకపోతే అతని ముఖం తలచుకుంటే ఇప్పుడు మండలి గదిలో బల్ల వెనక కూర్చుని, తీవ్రంగా అన్న మాట ఎక్కడ కలపాలో వేలితో చూపిస్తున్న కుర్రాడే కనిపిస్తున్నాడు. ఆ కాగితం ఇంకా నా ఫైల్లో ఉంది. ఇన్నేళ్లూ దాన్ని గర్వంగా దాచుకున్నాను.

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. అమ్మాయి చేతులు ఒళ్లో ఆ డ్యాన్సు ముద్రలే వేస్తున్నాయి, తనకి తెలియకుండానే.

"ఇంటికెళ్లి అంకుల్ రాసిన ఆ కాగితం తీసుకుని వాట్‌ఫర్డ్ వెళ్దామా?" అన్నాను.

"ఎందుకు?"

"ఆంటీకి ఇచ్చి రావాలి."

కిటికీ వైపు తిరిగింది. "ఆంటీకి డ్యూటీ ఉంటుందేమో" అంది, నవ్వకుండా.

ఉండొచ్చు అన్నాను. తలుపు తియ్యకపోయినా సరే, వెళ్దామన్నాను.